అడగని అప్పుకు ఎంక్వయిరీ: రిపోర్టు చివరి పేజీ చెప్పే సంగతులు

రుణ దరఖాస్తుతో పాటు క్రెడిట్ రిపోర్టు చేతికి రాగానే చూపు మొదట స్కోరు మీదికి, తర్వాత పాత బాకీల మీదికి పోతుంది. చివర ఉండే ఎంక్వయిరీల పట్టికను పైపైన చూసి వదిలేయడం చాలా శాఖల్లో అలవాటు. కానీ ఖాతాదారు పేరు మీద అతనికి తెలియకుండా ఎవరైనా అప్పుకు ప్రయత్నిస్తే, ఆ జాడ ముందుగా కనిపించేది ఆ పట్టికలోనే.

ఎంక్వయిరీ అంటే ఏమిటి?

రుణానికో, క్రెడిట్ కార్డుకో దరఖాస్తు అందాక రుణసంస్థ క్రెడిట్ సమాచార కంపెనీ నుంచి రిపోర్టు తెప్పించుకుంటుంది. సంస్థ పేరు, తేదీ, రుణం రకం, మొత్తం రిపోర్టులో నమోదవుతాయి. ఇదే హార్డ్ ఎంక్వయిరీ. ఒకటి రెండు ఉంటే పెద్ద నష్టం లేదు. కొద్ది రోజుల్లో అయిదారు ఉంటే మాత్రం మనిషి అప్పు కోసం తిరుగుతున్నాడన్న అనుమానం వస్తుంది, స్కోరు కూడా తగ్గవచ్చు. తన రిపోర్టు తానే చూసుకుంటే స్కోరు తగ్గదు.

మన దేశంలో ఇలాంటి కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఒకదాంట్లో ఉన్న ఎంక్వయిరీ మరోదాంట్లో ఉండకపోవచ్చు కాబట్టి నాలుగూ చూడాలి. ప్రతి కంపెనీ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి.

ముందు వేరు చేయాలి, తర్వాతే ఫిర్యాదు

గృహరుణం కోసం మా శాఖకు వచ్చిన ఒక ఉపాధ్యాయురాలి రిపోర్టులో మూడు వారాల్లో 5 ఎంక్వయిరీలు కనిపించాయి. "నేనెక్కడా అప్పు అడగలేదండీ" అన్నారావిడ. ఒక్కొక్కటే తేదీతో సహా చదివి అడిగాను. రెండు, తమ్ముడి కారు రుణానికి హామీదారుగా సంతకం చేసినప్పటివి. తమ్ముడు రెండు బ్యాంకుల్లో ప్రయత్నించాడు. మూడోది వాయిదాల మీద ఫోను కొన్నప్పటిది. యాప్ పేరు ఒకటి, వెనుక అప్పిచ్చే సంస్థ పేరు మరొకటి కావడంతో ఆవిడ గుర్తుపట్టలేదు. మిగిలిన రెండూ ఒక ఫైనాన్స్ కంపెనీవి, ఒకే రోజు, వ్యక్తిగత రుణానికి. ఆ కంపెనీ పేరే ఆవిడ వినలేదు.

అంటే వివాదం రెండింటి మీదే. అనుమతి ఇచ్చి, అప్పు తీసుకోనంత మాత్రాన ఎంక్వయిరీ చెరిగిపోదు. అయిదింటి మీదా ఫిర్యాదు చేసి ఉంటే అసలు తప్పు కూడా ఆ గుంపులో కలిసిపోయేది. ఆ రెండింటికీ అనుమతి పత్రం చూపమని ఆవిడ రాతపూర్వకంగా అడిగారు. కంపెనీ చూపలేక తొలగింపుకు ఒప్పుకుంది.

ఫిర్యాదు దారి

రిపోర్టు మీది కంట్రోల్ నంబరు, సంస్థ పేరు, తేదీ రాసి, ఆ ఎంక్వయిరీ ఉన్న ప్రతి క్రెడిట్ కంపెనీకీ ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయాలి. రుణసంస్థ ఫిర్యాదుల అధికారికీ విడిగా రాయాలి, ఎందుకంటే రుణసంస్థ ధ్రువీకరించనిదే క్రెడిట్ కంపెనీ నమోదును మార్చదు. సవరణ కోరే హక్కు 2005 నాటి క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం 21వ సెక్షన్ ఇచ్చింది. అధికారం లేకుండా ఈ సమాచారం చూడడాన్ని 22వ సెక్షన్ నిషేధిస్తుంది.

2023 అక్టోబరు 26 నాటి ఆర్బీఐ సర్క్యులర్ ప్రకారం ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కావాలి. అందులో రుణసంస్థకు దక్కేది 21 రోజులు. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలి. ఈ నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. స్కోరు లెక్కగట్టిన పద్ధతి మీది ఫిర్యాదులకు ఈ పరిహారం వర్తించదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

తెలియని ఎంక్వయిరీతో పాటు తెలియని రుణఖాతా కూడా కనిపిస్తే అది గుర్తింపు చౌర్యం. అప్పుడు ఉత్తరాలతో సరిపెట్టుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేసి సైబర్ నేరంగా నమోదు చేయించమని ఖాతాదారుకు చెప్పాలి.

మన బల్ల దగ్గర

ఈ ఫిర్యాదులు మన మీదా రావచ్చు. వడ్డీ రేటు కనుక్కుందామని వచ్చినవారి పాన్ తీసుకుని రిపోర్టు లాగడం సేవ కాదు. సంతకమో, ఓటీపీ అనుమతో ఫైలులో ఉన్నాకే రిపోర్టు తీయాలి. పాన్‌లో ఒక్క అక్షరం తప్పు కొడితే ఎంక్వయిరీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి మీద పడవచ్చు. కాబట్టి పేరు, పుట్టినతేదీ సరిపోల్చుకోవాలి. ఫిర్యాదు వస్తే అదే రోజు పై కార్యాలయానికి పంపాలి. అది శాఖలో పడి ఉన్న రోజులూ ఆ 21లోకే వస్తాయి.

ఇంకొకటి. ఎవరైనా రిపోర్టు చూసినప్పుడు ఖాతాదారుకు ఎస్సెమ్మెస్ లేదా ఈమెయిల్ పంపాలని క్రెడిట్ కంపెనీలను ఆర్బీఐ ఆదేశించింది. పాత నంబరే రికార్డుల్లో ఉంటే ఆ హెచ్చరిక చేరదు. అందుకే కేవైసీ కోసం వచ్చిన ప్రతివారినీ నేను మొబైల్ నంబరు మారిందా అని అడుగుతాను. అర నిమిషం పని. తన పేరు మీద ఎవరో అప్పు అడుగుతున్నారని మనిషికి ఆ రోజే తెలుస్తుంది.