చివరి సెక్షన్ గది చూడమ్మా

విద్యానగర్,
హైదరాబాదు.

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాపని ఏ కాలేజీలో చేర్పించాలని నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. పక్కన పాప ఉందని నీ మాట తీరులోనే తెలిసింది. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

మానుకోటలో మీ ఇంటికి కాలేజీ పీఆర్వో వచ్చి, ఈ వారంలో అడ్వాన్సు కడితే ఫీజులో కన్సెషన్ ఇస్తామనీ, లేకపోతే సీటు ఉండదనీ అన్నాడన్నావు. పాప ఇంకా పదో తరగతి పరీక్షలే రాయలేదు. ఆ తొందర వాళ్లది తల్లీ, దాన్ని మన ఇంట్లోకి రానివ్వకు. జూన్‌లో కూడా సీట్లు దొరుకుతాయి. ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినవాడిగా ఆ మాట నమ్మకంగా చెప్పగలను.

నీకు బాగా నచ్చినవి ఆ పీఆర్వో ఇచ్చిన కరపత్రంలోని ర్యాంకులు. వాటి వెనక సంగతి చెబుతాను. నల్లకుంట మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. ఒకప్పుడు అక్కడ చుక్కా రామయ్య గారి ఐఐటీ శిక్షణ కేంద్రంలో సీటు రావాలంటే ముందు ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్షకి తయారు చేయడానికి వేరే కోచింగులు కూడా వెలిశాయి. ఆయన పాఠం గొప్పది, అందులో సందేహం లేదు. కానీ అక్కడ కూర్చున్న పిల్లలు అప్పటికే ఏరి తెచ్చినవాళ్లు. ఇప్పుడు పెద్ద కాలేజీలు చాలావరకు ఆ ఏరడాన్ని లోపలే చేస్తున్నాయి. మొదటి సెక్షన్‌కి ఏదో గొప్ప పేరు, మంచి లెక్చరర్లు, విడి మెటీరియల్. ఫ్లెక్సీ మీద ఫొటోలు ఆ సెక్షన్‌వే. మిగతా సెక్షన్ల పిల్లలూ ఫీజు కడతారు, వాళ్ల సంగతి మాత్రం ఫ్లెక్సీ మీద ఉండదు.

మీ బావ విషయంలో నేను ఇదే గమనించలేదు. లెక్చరర్ని అయ్యుండి గమనించలేదు. వాణ్ణి పేరున్న ఒక కాలేజీ హాస్టల్లో వేశాను. మొదట మంచి సెక్షన్‌లోనే ఉన్నాడు. రెండు వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గాయని కింది సెక్షన్‌కి దించారు, తర్వాత చివరి సెక్షన్‌కి. అక్కడ ఏడాదిలో ముగ్గురు మ్యాథ్స్ లెక్చరర్లు మారారు. నాకెవరూ చెప్పలేదు, వాడూ చెప్పలేదు. దసరాకి ఇంటికొచ్చినప్పుడు అన్నం దగ్గర తల వంచుకుని కూర్చుంటే అలసట అనుకున్నాను. సంక్రాంతికి వాడి నోటుబుక్కు తెరిచి చూశాను. ఇంటిగ్రేషన్ మొదటి పేజీ దగ్గరే ఆగిపోయి ఉంది. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ. ఆ తెల్ల పేజీలు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉన్నాయమ్మా. తర్వాత వాడు బీఎస్సీ చేసి, ఇక్కడే ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివి నిలదొక్కుకున్నాడు. కానీ ఆ రెండేళ్లు వాడికి నేను తిరిగి ఇవ్వలేను.

అందుకని ఏ కాలేజీకి వెళ్లినా, ముందు చివరి సెక్షన్ గది చూపించమని అడుగు. ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టు. జూన్ నుంచి ఎంతమంది లెక్చరర్లు మారారో ఆఫీసులో కాదు, పిల్లల్ని అడుగు. టెస్టులో తప్పు చేసిన లెక్కని మర్నాడు ఎవరు కూర్చోబెట్టి చెబుతారో అడుగు. ఒక పీరియడ్ పాపని వెనక బెంచీలో కూర్చోనివ్వమను. ఒప్పుకోకపోతే అక్కణ్ణుంచి వచ్చెయ్.

ర్యాంకుల సంగతి కూడా నిలదీసి అడగొచ్చు. కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో నియమాలు పెట్టింది. ర్యాంకు వచ్చిన విద్యార్థి ఏ కోర్సు చదివాడో ప్రకటనలో చెప్పాలి. రెండేళ్లు అక్కడే చదివాడా, ఆఖర్లో టెస్ట్ సిరీస్ మాత్రం రాశాడా అన్నది తేలాలి కదా. అదే ఏడాది జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకి మార్గదర్శకాలిచ్చింది. ర్యాంకు గ్యారంటీ అనకూడదు. పూర్తి ఫీజు కట్టినవాళ్లు మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి డబ్బు పది రోజుల్లో తిరిగివ్వాలి. ఆ షరతు కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టు.

ఇక ఏ పరీక్షకి తయారవ్వాలి అన్నది. ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, తప్పుకి కోత లేదు. జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటలకి 75 ప్రశ్నలే, తప్పుకి ఒక మార్కు పోతుంది. మొదటిదానికి చేతివేగం కావాలి, రెండోదానికి ఒక లెక్క దగ్గర ఓపిగ్గా కూర్చునే అలవాటు కావాలి. పాపకి ఏది ఇష్టమో పాత పేపర్లు రెండూ ముందుపెట్టి, ఒక ఆదివారం చేయించి చూడు. తెలంగాణలో ఇప్పుడు ఎప్‌సెట్ ర్యాంకుకి ఇంటర్ మార్కులు కలపడం లేదని కొందరు ఇంటర్ పాఠాల్ని పక్కన పెడుతున్నారు. అది పొరపాటు. ఐఐటీ, ఎన్ఐటీ సీటుకి ఇంటర్‌లో 75 శాతం గానీ, బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో చోటు గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 65 శాతం.

హాస్టలంటే నాకు భయం, దాచను. 2019లో ఇంటర్ ఫలితాలప్పుడు మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. దూరంగా ఉన్న పిల్లల మనసులో ఏముందో మనకి తెలియదు. పాప రోజూ నీతో మాట్లాడే వీలు, కనీసం ఏడు గంటల నిద్ర లేని చోటికి ఎంత పేరున్నా పంపకు. మనసు బాగాలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 పాప నోటుబుక్కు అట్ట వెనక రాసిపెట్టు. ఏ వేళయినా ఫోన్ చేయొచ్చు, ఉచితం.

నన్నడిగితే, మానుకోటలోనో వరంగల్లోనో మ్యాథ్స్ ఒక్కటైనా బాగా చెప్పే లెక్చరరున్న కాలేజీ, ఇంట్లో నీ చేతి అన్నం, విడిగా ఒక టెస్ట్ సిరీస్ చాలు. పాప తనంతట తానే హైదరాబాదు కావాలంటే అప్పుడు మా ఇంట్లో ఉండి చదువుకుంటుంది. మీ అత్తయ్యతో ఇప్పటికే చెప్పాను.

పరీక్షలు అయ్యాక పాపని తీసుకుని రా. సికింద్రాబాదు స్టేషనుకి నేనే వస్తాను. రెండు మూడు కాలేజీలు కలిసి చూద్దాం, ఆ గదుల్లో పాప మొహం చూసి నిర్ణయిద్దాం. అంతవరకు అడ్వాన్సు మాత్రం కట్టకు.

మీ మామయ్య