పౌరుల ఓటు, నగరపు పద్దు

గృహస్థుడు నెల మొదట తన ఆదాయమెంత, వ్యయమెంత అని లెక్క వ్రాసికొనును. బియ్యమునకింత, పిల్లల చదువునకింత, ఇంటి మరమ్మతునకింత అని ముందుగా ఏర్పఱచుకొననిచో నెలాఖరున అప్పు తప్పదు. నగరమునకును ఇట్టి లెక్కయే కలదు. పన్నుల వలన వచ్చు సొమ్మెంత, దానిని ఏయే పనులకు వినియోగింపవలెను అని తెలుపు వార్షిక పట్టికకే బడ్జెట్టు అని పేరు. ఇంటి లెక్కను ఇంటివారు వ్రాసికొందురు. నగరపు లెక్కను మాత్రము చిరకాలము అధికారులును, ఎన్నికైన సభ్యులును వ్రాయుచుండిరి. పన్ను చెల్లించు పౌరునకు తన వీధిలోని కాలువ ఏ సంవత్సరమున బాగుపడునో తెలియు మార్గమే లేకుండెను.

ఈ స్థితిని మార్చుటకు దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశమున ఒక గొప్ప ప్రయత్నము జరిగినది. ఆ దేశము 1964 మొదలు 1985 వఱకు సైనిక పాలనలో ఉండెను. ప్రజాపాలన తిరిగి వచ్చిన పిదప 1989లో పోర్టో అలెగ్రి నగరమునకు ఒలీవియో దుత్ర మేయరయ్యెను. ఆయన కాలమున నగరపు బడ్జెట్టును గూర్చి చర్చించుటకు పేటపేటను ప్రజాసభలు ఏర్పడినవి. నగరమును 16 భాగములుగా విభజించిరి. జనము ఎక్కువగా ఉండి, సౌకర్యములు తక్కువగా ఉన్న భాగమునకు అధిక ధనము చెందవలెనని నియమము పెట్టిరి. కూలివారును, గృహిణులును సభలో లేచి నీటి కుళాయి కావలెననియు, మురుగు కాలువ కావలెననియు కోరిరి. 1988లో నూటికి 75 ఇండ్లకు ఉండిన నీటి, మురుగు సౌకర్యములు 1997 నాటికి 98 ఇండ్లకు లభించినవి.

ఈ పద్ధతి ఇతర నగరములకు వ్యాపించెను. వానిలో బెలో హొరిజాంటి ఒకటి. ఆ పేరునకు సుందరమైన దిగంతము అని అర్థము. ఇది 1897లో ప్రణాళిక ప్రకారము నిర్మింపబడిన నగరము. ఇందు 20 లక్షలకు మించిన జనము నివసించుచున్నారు. ఇచ్చట 1993లో ప్రజాసభల పద్ధతి ఆరంభమయ్యెను. ఈ నగరము వారు ఒక మంచి ఆచారమును నెలకొల్పిరి. ఓటు వేయుటకు ముందు ప్రజాప్రతినిధులు బస్సులెక్కి ఒకరి పేట నొకరు చూచి వచ్చెడివారు. తన వీధికి రోడ్డు వేయింపవలెనని వచ్చినవాడు, మఱియొక పేటలో వానకు జాఱిపడు కొండ క్రింద గుడిసెలు కట్టుకొనిన వారిని కన్నులార చూచును. ఏ పని ముందు జరుగవలెనో అప్పుడు వానికి బోధపడును.

అయినను సభలకు అందఱును రాలేరు. పగలెల్ల పనిచేసి అలసినవారికిని, వృద్ధులకును, పసిపిల్లల తల్లులకును రాత్రి సభలో కూర్చుండుట కష్టము. నగర జనాభాతో పోల్చిన సభలకు వచ్చువారి సంఖ్య స్వల్పముగనే ఉండెను. ఈ లోటు తీర్చుటకై నగర పాలకులు 2006లో ఇంటర్నెట్టు ద్వారా ఓటు వేయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. నగరమందలి 9 విభాగములకు నాలుగేసి పనుల చొప్పున 36 పనులను జాబితా చేసి, ఒక్కొక్క విభాగమునకు ఒక పనిని ఎన్నుకొనుడని పౌరులను కోరిరి. ఇందులకు సుమారు 2 కోట్ల రెయాలులు కేటాయించిరి. రెయాలు అనగా బ్రెజిలు దేశపు నాణెము. ఇంట కంప్యూటరు లేనివారి కొఱకు నగరమున పలుచోట్ల ఓటు కేంద్రములు తెఱచిరి. ఆ సంవత్సరము 1,72,938 మంది ఓటు వేసిరి. నగరపు ఓటర్లలో వీరు ఇంచుమించు పదవవంతు!

ఇంతమంది పాల్గొనుట చూచి నగరమువారు ఎంతయో సంతసించిరి. 2008లో టెలిఫోను ద్వారా కూడ ఓటు వేయు వీలు కల్పించిరి. ఐదు పెద్ద రహదారి పనులలో ఒక్కదానిని ఎన్నుకొనుడనిరి. 1,24,320 మంది ఓటు వేసి ఒక పెద్ద కూడలిని బాగుచేయు పనిని గెలిపించిరి. కాని ఆ పని అనుకొనిన కాలమునకు పూర్తి కాలేదు. ఓటు వేసినవారు ఆ దారిని పోవునప్పుడెల్ల పాత కూడలినే చూచుచుండిరి. తరువాతి విడతలలో ఓటర్ల సంఖ్య క్రమముగా తగ్గి, 2013 నాటికి కొన్ని వేలకు పడిపోయెను. ఓటు వేయుటకు ముందు పేరు నమోదు చేసికొను పద్ధతి కఠినమగుటయు ఇందులకొక కారణము. కాని ఎన్నుకొనిన పని జరుగకపోవుట అన్నిటికంటె పెద్ద దెబ్బ. పోర్టో అలెగ్రిలో సైతము, క్రమముగా బలహీనపడిన ప్రజాసభల పద్ధతిని 2017లో నగర పాలకులు నిలిపివేసిరి.

దీనినిబట్టి యంత్రము వ్యర్థమని తలంపరాదు. సభకు రాలేని వేలమంది మాటను అది నగర పాలకులకు చేరవేసినది. కాని యంత్రము ఓట్లను లెక్కింపగలదే గాని, పొరుగువాని కష్టమును చూపలేదు. బస్సులో పోయి మఱియొక పేటను చూచి వచ్చినవాని ఓటునకును, ఇంట కూర్చుండి మీట నొక్కినవాని ఓటునకును నడుమ ఈ భేదము కలదు. అందువలన సభయు, యంత్రమును రెండును కావలెను. ఆ రెంటికిని మించి, ఇచ్చిన మాటను పాలకులు నెఱవేర్చవలెను. నెఱవేర్చినదియు లేనిదియు పౌరులు కనిపెట్టి యుండవలెను. బెలో హొరిజాంటి సభలవారు ఇందుకొఱకే తమలోనుండి పరిశీలక సంఘములను ఎన్నుకొనెడివారు.

భారతదేశమున 73వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలునకు వచ్చి, గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించినది. గ్రామపు ఓటర్ల పట్టికలో పేరున్న ప్రతి స్త్రీయు, ప్రతి పురుషుడును ఆ సభకు సభ్యులే. ఆంధ్రప్రదేశమునను, తెలంగాణమునను ఏ పల్లెయందైనను గ్రామసభ జరుగునపుడు వచ్చిన సొమ్మెంత, ఖర్చయినదెంత, నిరుడు తలపెట్టిన పని ఏమైనది అని అడుగు హక్కు సామాన్యునకు కలదు. ఆ ప్రశ్న అడుగువారు లేనిచోట పద్దు పుస్తకము బీరువాలోనే ఉండును. నేటి విద్యార్థులు రేపటి ఓటర్లు. పద్దు చదువుటయు, ప్రశ్నించుటయు, పొరుగు వీధి అవసరమును తమ అవసరముతో పోల్చి చూచుటయు వారు ఇప్పటినుండియే అలవఱచుకొనదగిన గుణములు.