మైటర్ రంపం కొనే ముందు: మా వసారా నేర్పిన పాఠం



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగారు. మేము నాగార్జున విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఎం.ఎస్సీ. చదివాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికందుకున్న మొదటివాళ్ళం మేమే. అయినా ఈసారి ఒక రంపం గురించి రాస్తున్నాము. ఎందుకంటే పుస్తకంలో చదివిన కోణాలు, కరెంటు, శాతాలు అన్నీ ఒకేసారి అవసరపడింది మా మంగళగిరి ఇంటి వసారాలోనే.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. మా నాన్నగారు సామిల్లులో కూలీగా చేరి, చూసి చూసి వడ్రంగం నేర్చుకున్నారు. 2016లో ఒకరి దగ్గర 25,000 రూపాయలకు పాత కోత యంత్రం కొన్నారు. డబ్బు వడ్డీకి తెచ్చారు, నూటికి నెలకు 3 రూపాయలు. యంత్రం ఇంటికి వచ్చాక తెలిసింది, దాని ఇరుసు వంగి ఉందని. కోత ఏనాడూ తిన్నగా రాలేదు. నెలకు 750 రూపాయల చొప్పున మూడేళ్ళు కట్టిన వడ్డీయే 27,000 అయింది. అసలు అలాగే ఉంది. ఇంట్లో అన్నం ఖర్చు ఒకరిది తగ్గినా మేలేనని మమ్మల్ని హాస్టల్లో చేర్చింది ఆ రోజుల్లోనే. ట్రంకు పెట్టె మోసుకుని మేము మీ మధ్యకు రావడానికి కారణం పరీక్షించకుండా కొన్న ఒక యంత్రం.

పోయిన ఏడాది నాన్నగారు మళ్ళీ అన్నారు: "ఏరా, భుజం లాగేస్తోంది. ఆ జరిగే రంపం ఒకటి కొందామా?" ఈసారి మేము వెంటనే అవుననలేదు, కాదని కూడా అనలేదు. "లెక్క చూద్దాం నాన్నా" అన్నాము. ఆ లెక్కే ఈ పాఠం.

1. ఈ యంత్రం ఏం చేస్తుంది?

హాస్టలు హాల్లో అంబేడ్కర్ గారి పటం ఉంటుంది కదా, దాని చట్రం మూలలు ఒకసారి దగ్గరగా చూడండి. రెండు బద్దలు ఏటవాలుగా కలుస్తాయి. ఒక్కొక్క బద్దను 45 డిగ్రీలకు కోస్తే రెండూ కలిసి 90 డిగ్రీల మూల అవుతుంది. ఈ అతుకునే మైటర్ అంటారు. ఆ కోతను తేలికగా, ప్రతిసారీ ఒకేలా కోయడానికి చేసిన కరెంటు రంపమే మైటర్ సా. చక్రంలా ఉండే బ్లేడు పైనుంచి కిందికి దిగుతుంది. కింద బల్ల తిరుగుతుంది. 0, 15, 22.5, 45 వంటి కోణాల దగ్గర దానంతట అది ఆగేలా గాడులు ఉంటాయి.

మామూలు రకంలో బ్లేడు కిందికి దిగడమే గాని ముందుకు రాదు. 10 అంగుళాల బ్లేడుతో సుమారు 5, 6 అంగుళాల వెడల్పు చెక్క మాత్రమే తెగుతుంది. స్లైడింగ్ రకంలో తలభాగం కడ్డీల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. అదే బ్లేడుతో సుమారు 12 అంగుళాల పలక తెగుతుంది. అయితే 45 డిగ్రీలకు తిప్పితే వెడల్పు దాదాపు 0.7 వంతుకు పడిపోతుంది. అంటే 12 అంగుళాలు కాస్తా ఎనిమిదిన్నర అవుతుంది. పెట్టె మీద వేసిన అంకె చూసి మోసపోరాదు. ఇంకొక మాట: చెక్కను పొడవునా చీల్చడానికి ఇది పనికిరాదు. అడ్డకోతకే.

2. యంత్రాన్ని కాదు, మన పనిని ముందు కొలవాలి

నాన్నగారు చదివింది అయిదో తరగతి. ఒక నెల రోజులు కోసిన ప్రతి కోతకూ గోడ మీద పెన్సిలుతో ఒక గీత గీయమన్నాము. అయిదు అంగుళాల లోపు ఒక వరుస, అయిదు నుంచి పన్నెండు రెండో వరుస, అంతకు మించినవి మూడో వరుస. పాడైన ముక్కకు గీత మీద సున్నా చుట్టాలి. నెలాఖరుకు నోటుబుక్కులోకి ఎక్కిస్తే మొత్తం 240 కోతలు.

అయిదు అంగుళాల లోపు: 186 కోతలు, పాడైనవి 2.
అయిదు నుంచి పన్నెండు: 42 కోతలు, పాడైనవి 7.
పన్నెండు దాటినవి, అంటే ప్లైవుడ్: 12 కోతలు, పాడైనది 1.

మొదటి వరుస చూసి, మామూలు రంపం చాలు, డబ్బు మిగులుతుంది అనుకున్నాము. నాన్నగారు మాత్రం సున్నాల మీద వేలు పెట్టారు. "చెక్క పోతోంది ఇక్కడ కదరా" అన్నారు. నిజమే. వెడల్పు పలకలు కోసేది తక్కువే, కాని నష్టమంతా వాటిలోనే ఉంది. కోతల సంఖ్య ఒక్కటే లెక్కపెడితే మేము తప్పు యంత్రం కొనేవాళ్ళం.

3. అర డిగ్రీ అంటే ఎంత?

మన వడ్రంగులు అంగుళాన్ని 8 నూళ్ళుగా లెక్కిస్తారు. ఒక నూలు 3 మిల్లీమీటర్ల పైచిలుకు. అర డిగ్రీ తేడా చెప్పుకోవడానికి చిన్నదే. కాని 12 అంగుళాల పలక మీద అది 2.66 మిల్లీమీటర్లవుతుంది, అంటే ముప్పాతిక నూలుకు పైమాటే. పటం చట్రానికి ఎనిమిది కోతలుంటాయి. ఒక్కొక్క దానిలో అర డిగ్రీ ఒకే వైపుకు తప్పితే, చివరి మూల దగ్గర 4 డిగ్రీల సందు నోరు తెరుచుకుని కనబడుతుంది.

అందుకే దుకాణంలో పరీక్ష ఇలా చేయాలి. మన దగ్గరి 12 అంగుళాల పలకను తీసుకువెళ్ళి 0 డిగ్రీల దగ్గర అడ్డంగా కోయించాలి. రెండు ముక్కల్లో ఒకదాన్ని పైది కిందికి తిరగేసి, రెండింటినీ ఒకే తిన్నని బద్దకు ఆనించి, కోసిన అంచులను కలపాలి. సందు లేకపోతే కోత సరైనది. సందు ఉంటే అది అసలు తప్పుకు రెట్టింపు కనబడుతుంది. కాబట్టి కంటికి దొరుకుతుంది. సందు కనబడినా కంగారు పడనక్కరలేదు. కోణం సరిచేసుకునే మరలు ఉంటాయి. సరిచేశాక పది కోతలు కోసినా అలాగే నిలుస్తోందా అన్నదే చూడాలి.

రెండో పరీక్ష. ప్లగ్గు తీసేసి, తలభాగాన్ని పూర్తిగా ముందుకు లాగి, రెండు వేళ్ళతో పక్కలకు నెట్టాలి. కదలిక తెలిస్తే ఆ కడ్డీల్లో ఆట ఉన్నట్టే. స్లైడింగ్ రకంలో అసలు బలహీనత ఇదే. మామూలు దానికి ఈ బెడద తక్కువ.

మేము వెళ్ళిన మొదటి దుకాణంలో యంత్రానికి ప్లగ్గు పెట్టడానికి ఒప్పుకోలేదు. దండం పెట్టి వచ్చేశాము. రెండో చోట "మేస్త్రి గారూ, మీ చెక్కే కోసి చూడండి" అన్నారు. మేము మూలమట్టంతో కొలుస్తూ ఉంటే నాన్నగారు కళ్ళు మూసుకుని చప్పుడు విన్నారు. "దీని బేరింగు బాగుంది, కడ్డీలు మాత్రం వదులు" అన్నారు. తలను లాగి నెట్టి చూస్తే ఆయన మాటే నిజం. పక్కనున్న ఇంకొక నమూనా రెండు పరీక్షలకూ నిలిచింది.

4. బ్లేడు, కరెంటు, చోటు

బ్లేడు: 40 పళ్ళది త్వరగా కోస్తుంది, గరుకుగా కోస్తుంది. 60 నుంచి 80 పళ్ళది నునుపుగా కోస్తుంది. స్లైడింగ్ రంపానికి పళ్ళ వాలు సున్నాకు దగ్గరగా గాని, వెనక్కి వాలి గాని ఉండాలి. ముందుకు బాగా వాలిన పళ్ళు చెక్కను పట్టి ఎక్కేస్తాయి.

కరెంటు: 1650 వాట్ల మోటారు 230 వోల్టుల దగ్గర 7 ఆంపియర్లకు పైగా లాగుతుంది. స్విచ్చి వేసిన క్షణంలో ఇంకా ఎక్కువ. సన్నని పొడుగాటి తీగతో పొరుగింటి నుంచి లాగితే వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కుతుంది. మీటరు నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర కరెంటు ఆపేసే రక్షణ స్విచ్చి తప్పనిసరి. ఖర్చు సంగతికొస్తే, గంటసేపు ఆపకుండా తిరిగినా 1.65 యూనిట్లే.

చోటు: కడ్డీలు వెనక్కి పొడుచుకు వస్తాయి గనుక గోడకు ఆనించడం కుదరదు. ద్వారబంధం నిలువు కమ్మీ 7 అడుగులు. రెండు కొసలూ కోయాలంటే రంపానికి అటు 7, ఇటు 7 అడుగులు కావాలి. మా వసారా 12 అడుగులే. అందుకే రంపాన్ని గుమ్మానికి ఎదురుగా ఉంచి, కమ్మీ కొస బయటికి వెళ్ళేలా అనుకున్నాము.

5. వేళ్ళు, ఊపిరి

10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4800 సార్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు సుమారు 230 కిలోమీటర్లు. కనుక ఈ నియమాలు బట్టీ పట్టాలి. తలను ముందుకు లాగి, బ్లేడును తిప్పి, కిందికి దించి, వెనక్కి నెడుతూ కోయాలి. మన వైపుకు లాగుతూ కోస్తే బ్లేడు చెక్క మీదికెక్కి మన మీదికే వస్తుంది. చేయి బ్లేడుకు ఆరు అంగుళాల దూరంలో ఉండాలి. చిన్న ముక్కను చేత్తో పట్టకూడదు, క్లాంపుతో బిగించాలి. చేతితొడుగులు, భుజాన తువ్వాలు వద్దు, తిరిగే బ్లేడు వాటిని లాక్కుంటుంది. బ్లేడు పూర్తిగా ఆగాకే తల పైకెత్తాలి.

కంటికి కనబడని ప్రమాదం చెక్కపొడి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. రంపానికి ఇచ్చే సంచి కొంత పొడినే పడుతుంది. మిగిలింది గాలిలోకే. మంచి మాస్కు, పొడి లాగే వాక్యూమ్ రెండూ కావాలి.

మా ఇంట్లో దీనికి ఇంకొక చిక్కు ఉంది. వసారాకు ఒక పక్క నాన్నగారి చెక్క. రెండో పక్క అమ్మ రాట్నం. మగ్గాల వాళ్ళకు అమ్మ నూలు కండెలు చుట్టి ఇస్తుంది. ఒకాయనకు నూలు అంటే కొలత, ఒకావిడకు నూలు అంటే అన్నం. పొడి పడిన నూలును ఎవరూ తీసుకోరు. నాన్నగారి రంపం అమ్మ కూలిని తినేస్తే ఇంటికి లాభమేముంది? ఈ ప్రశ్న మేము లెక్కలో రాసుకోలేదు. అమ్మే అడిగింది.

6. అసలు ధర, అసలు లాభం

యంత్రం 40,000 అనుకుందాం. తీగ, సాకెట్టు, రక్షణ స్విచ్చి 4,000, ఇంకొక బ్లేడు 3,000, వాక్యూమ్ 6,000, పక్క ఆధారాలు 2,000, రాట్నానికీ రంపానికీ మధ్య అడ్డుగోడ 3,000. మొత్తం 58,000. అంటే ధర 40,000 కాదు.

లాభం: చిన్న కోతకు 3 నిమిషాలు, వెడల్పు కోతకు 10 నిమిషాలు మిగులుతాయని చూసుకున్నాము. 186 చిన్న కోతలు, 42 వెడల్పు కోతలు కలిపి నెలకు 16 గంటలు, సుమారు రెండు రోజుల పని. రోజుకు 1,000 చొప్పున 2,000, పాడవకుండా మిగిలే చెక్క 1,000. నెలకు 3,000 అనుకుంటే పెట్టుబడి తిరిగిరావడానికి 19 నెలలు దాటుతుంది. అదీ మిగిలిన రెండు రోజులకు వేరే పని దొరికితేనే. దొరకకపోతే అది విశ్రాంతి మాత్రమే. భుజం నొప్పి ఉన్న మనిషికి విశ్రాంతి చిన్న విషయం కాదు గాని, దాన్ని అప్పు కట్టే డబ్బుగా లెక్క రాయకూడదు.

ఇక అప్పు. 40,000కు నూటికి 3 రూపాయల వడ్డీ అంటే నెలకు 1,200. వచ్చే లాభంలో అయిదింట రెండు వంతులు వడ్డీకే పోతాయి. అదే ఏడాదికి 5 శాతమైతే సంవత్సరం మొత్తానికి 2,000 మించదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో వడ్రంగం సహా 18 వృత్తులున్నాయి. ప్రాథమిక శిక్షణ పూర్తి చేసినవారికి మొదటి విడతగా లక్ష రూపాయల వరకు, పూచీకత్తు లేకుండా, 5 శాతం వడ్డీకి, 18 నెలల్లో తీర్చేలా రుణం ఇస్తారు. పనిముట్లకు 15,000 వరకు సాయం వేరే. కుటుంబంలో ఒక్కరికే. దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో కామన్ సర్వీస్ సెంటరులో కనుక్కోవాలి. మీ ఇళ్ళలో వడ్రంగం, తాపీ, కుట్టుపని, చెప్పులు కుట్టే పని చేసేవాళ్ళు ఉంటే సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి తప్పక చెప్పండి.

7. మేము ఏం నిర్ణయించుకున్నాము?

ఈ వ్యాసం రాసేనాటికి మేము రంపం కొనలేదు. నాన్నగారి శిక్షణ పూర్తయింది, రుణానికి దరఖాస్తు పెట్టాము. ఈలోగా చేతిలో ఉన్న డబ్బుతో తీగ మార్పించి, వసారాకు అడ్డుగోడ కట్టించాము. "ముందు గోడ, తర్వాతే రంపం" అని నాన్నగారే అన్నారు. గోడ లేచిన రోజు నుంచి చేతిరంపం పొడి కూడా అమ్మ నూలు మీద పడటం లేదు. కొనని యంత్రం వల్ల వచ్చిన మొదటి లాభం అది. రుణం చేతికొచ్చాక రెండు పరీక్షలకూ నిలిచిన ఆ నమూనానే మళ్ళీ కోసి చూసి కొంటాము.

సోదరులారా! రేపు మీ ఇంట్లో కుట్టు మిషను కావచ్చు, ఆటో కావచ్చు, గేదె కావచ్చు, ఏదో ఒకటి కొనే మాట వస్తుంది. పెద్దవాళ్ళు మీ వైపు చూస్తారు, చదువుకున్నవాళ్ళు కదా అని. అప్పుడు అవుననో కాదనో తొందరపడకండి. ఒక నెల గీతలు గీయించండి. సున్నాలు ఎక్కడున్నాయో వాళ్ళనే అడగండి. తర్వాత వడ్డీ లెక్క కట్టండి. 2016లో మా ఇంట్లో ఆ లెక్క కట్టేవాళ్ళు లేరు. ఇప్పుడు ఉన్నారంటే, ఈ హాస్టలు పెట్టిన అన్నం, ఈ హాల్లో రాత్రిళ్ళు వెలిగిన దీపమే కారణం.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి, మంగళగిరి