ప్రమోషన్ ఫైలులో వివక్ష: ఉద్యోగినికి చట్టంలో ఉన్న ఆధారాలు

ఉద్యోగంలో స్త్రీని పై పదవికి రానివ్వకపోవడం ఒక్క ఉత్తర్వుతో జరిగే పని కాదు. ఆడమనిషి కాబట్టి అధికారం ఇవ్వలేమని ఈ రోజుల్లో ఎవరూ ఫైలులో రాయరు. వార్షిక నివేదికలో ఒక మెట్టు తగ్గించి వేసిన గ్రేడు, చంటిపిల్ల ఉంది కదా అని తప్పించిన ఫీల్డు పోస్టింగు, ప్రసూతి సెలవులో ఉన్న ఏడాదికి ఖాళీగా వదిలేసిన కాలమ్ వంటివి పది పన్నెండేళ్లపాటు పేరుకుంటాయి. పదోన్నతుల కమిటీ ముందుకు ఫైలు వచ్చేసరికి అవన్నీ కలిసి ‘తగిన అనుభవం లేదు’ అనే ఒక్క వాక్యంగా మారతాయి. జాబితా వెలువడిన తర్వాత పోరాడడం కష్టం. ఆ కాగితాలు తయారవుతున్నప్పుడే పట్టుకోవడానికి చట్టంలో చాలా ఆధారాలు ఉన్నాయి. వాటిని వాడుకునేవాళ్లే తక్కువ.

ఒకప్పుడు ఈ వివక్ష నిబంధనల పుస్తకంలోనే బాహాటంగా ఉండేది. భారత విదేశాంగ సర్వీసులో మహిళా అధికారి పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. పెళ్లయ్యాక కుటుంబ బాధ్యతలు పనికి అడ్డొస్తున్నాయని ప్రభుత్వం భావిస్తే రాజీనామా చేయమనవచ్చు. పెళ్లయిన స్త్రీకి ఆ సర్వీసులో నియామకం హక్కు కాదని మరో నిబంధన. 1949లో ఆ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ, తనకు పదోన్నతి నిరాకరించినప్పుడు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ఆమెకు పదోన్నతి ఇచ్చేసింది. దాంతో పిటిషన్ ముగిసిందన్నా, 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఆ నిబంధనలను తీవ్రంగా తప్పుపట్టి, సీనియారిటీలో ఆమెకు జరిగిన నష్టాన్ని మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. పెళ్లయిన మగ అధికారికి కుటుంబం అడ్డు కానప్పుడు స్త్రీకి మాత్రం ఎలా అవుతుందన్నది ఆ తీర్పులోని ప్రధాన ప్రశ్న.

రెండేళ్ల తర్వాత, 1981లో, ఎయిర్ ఇండియా ఎయిర్‌హోస్టెస్‌ల కేసులో మొదటి గర్భం రాగానే ఉద్యోగం పోయే నిబంధనను సుప్రీంకోర్టు కొట్టివేసింది. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుందన్న నిబంధనను మాత్రం సమర్థించింది. అది సగం న్యాయమే. ఈ మార్పు ఎంత నెమ్మదిగా వచ్చిందో చెప్పడానికి మరో ఉదాహరణ ఉంది. పెళ్లి చేసుకుందన్న కారణంతో 1988లో తొలగించిన ఒక సైనిక నర్సింగ్ అధికారిణికి పరిహారంగా 60 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2024లో.

ఈ హక్కులకు పునాది రాజ్యాంగం. 14వ అధికరణ చట్టం ముందు సమానత్వాన్ని, 15వది లింగం ఆధారంగా వివక్ష చూపకూడదని, 16వది ప్రభుత్వ ఉద్యోగాలలో సమానావకాశాన్ని చెబుతాయి. స్త్రీలకోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని 15(3) ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆ అధికారాన్ని తొలిగా బలంగా వాడుకున్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1984లో సర్వీసు నిబంధనలలో చేర్చిన 22-ఎ నియమం ప్రత్యక్ష నియామకాలలో 30 శాతం పోస్టులను స్త్రీలకు కేటాయించింది. దీనిపై వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లగా, 1995లో కోర్టు ఆ నియమాన్ని సమర్థించింది. తర్వాత ఆ వాటా మూడో వంతుకు పెరిగింది. నేడు మండల కార్యాలయాల నుంచి సచివాలయం దాకా ఇంతమంది స్త్రీలు కనిపించడం వెనుక ఆ నియమం ఉంది. అయితే అది ఉద్యోగంలోకి ప్రవేశించేటప్పుడు పనిచేసే రక్షణ. ప్రత్యక్ష నియామకం దాటి పదోన్నతుల దగ్గరికి వచ్చేసరికి దాని పని అయిపోతుంది. అక్కడి నుంచి ఉద్యోగిని భవిష్యత్తు పైఅధికారి కలంమీద ఆధారపడుతుంది.

ఆ కలం ఎలా పనిచేస్తుందో సైన్యం కేసులు చూపించినంత స్పష్టంగా మరేవీ చూపించలేదు. 1992 నుంచి సైన్యంలోని కొన్ని విభాగాలలో స్త్రీలను షార్ట్ సర్వీస్ కమిషన్‌లో తీసుకుంటున్నా, పర్మినెంట్ కమిషన్ కోసం వాళ్లు ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. చివరికి 2019లో ప్రభుత్వం అంగీకరించింది గానీ వాళ్లను స్టాఫ్ నియామకాలకే పరిమితం చేసింది. అంటే దళానికి నాయకత్వం వహించే కమాండ్ పదవి ఇవ్వనన్నది. పల్లెల నుంచి వచ్చిన జవాన్లు స్త్రీ ఆజ్ఞను స్వీకరించడానికి మానసికంగా సిద్ధంగా లేరని, మాతృత్వం, ఇంటి బాధ్యతలు అడ్డొస్తాయని కోర్టులో వాదించింది. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. స్త్రీలపై పాతుకుపోయిన అభిప్రాయాలు రాజ్యాంగబద్ధమైన కారణాలు కాలేవని, కమాండ్ పదవుల నుంచి వాళ్లను మొత్తంగా మినహాయించడం చెల్లదని తేల్చింది. నౌకాదళం విషయంలో మరుసటి నెలలోనే అదే దారిలో తీర్పు వచ్చింది.

అసలు చిక్కు తీర్పు తర్వాత బయటపడింది. అర్హతను తేల్చేటప్పుడు సైన్యం స్త్రీల పాత వార్షిక గోప్య నివేదికలను, అంటే ఏసీఆర్‌లను, తిరగేసింది. ఆ నివేదికలు రాసిన కాలంలో స్త్రీలకు పర్మినెంట్ కమిషన్ అవకాశమే లేదు. అందువల్ల అధికారులు వాటిని మొక్కుబడిగా నింపారు. తర్వాతి ఏళ్లలో వాళ్లు సాధించిన పతకాలు, చేసిన సేవ లెక్కలోకి రాలేదు. పురుషులు సర్వీసు ఐదో ఏటో పదో ఏటో చూపించిన శారీరక దారుఢ్య ప్రమాణాన్ని, నలభై దాటిన స్త్రీలు అప్పటికప్పుడు చూపించాలన్నారు. నియమం పైకి అందరికీ ఒక్కటే, దెబ్బ మాత్రం స్త్రీలకే. 2021 మార్చి 25న వెలువడిన తీర్పులో సుప్రీంకోర్టు దీనిని పరోక్ష వివక్షగా గుర్తించింది. వివక్ష చూపాలనే ఉద్దేశం ఉందని నిరూపించనక్కరలేదు, నియమం ఫలితం ఎవరిమీద పడుతోందో చూడాలని చెప్పిన ఈ తీర్పు సైన్యానికే చెందినది కాదు. బ్యాంకులోనో విద్యుత్ సంస్థలోనో విశ్వవిద్యాలయంలోనో పనిచేసే ఉద్యోగిని కూడా దీనిని ఆసరా చేసుకోవచ్చు. ఉదాహరణకు మూడేళ్లు ‘అంతరాయం లేని’ ఫీల్డు సేవ ఉన్నవారికే పదోన్నతి అనే నియమం ఉంటే, ప్రసూతి సెలవును అంతరాయంగా లెక్కిస్తున్నారా అని ప్రశ్నించడానికి ఈ తీర్పు దారి ఇస్తుంది.

పదోన్నతి ప్రాథమిక హక్కు కాదు. అర్హత ఉన్నప్పుడు పదోన్నతికి పరిశీలించబడడం మాత్రం 16(1) కింద ప్రాథమిక హక్కేనని 1999లో అజిత్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ పరిశీలనకు ఆధారమైన వార్షిక నివేదికలో వ్యతిరేక వ్యాఖ్యలనే కాదు, ప్రతి గ్రేడునూ ఉద్యోగికి తెలియజేయాలని 2008లో దేవ్‌దత్ కేసు, 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసు స్థిరపరిచాయి. ‘బాగుంది’ అన్న గ్రేడు వినడానికి మంచిదే, కానీ పదోన్నతికి ‘చాలా బాగుంది’ కావాలంటే అదే గొయ్యి అవుతుంది. ఈ రెండు కేసులూ స్త్రీల గురించి వచ్చినవి కావు. అయినా ఉద్యోగినికి వీటిని మించిన ఆయుధం మరొకటి లేదు. నివేదిక అందాక కేంద్ర ఉద్యోగులు 15 రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చు. అందకపోతే రాతపూర్వకంగా అడగాలి, అప్పటికీ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద తన నివేదిక తాను కోరవచ్చు. ముసాయిదా సీనియారిటీ జాబితాకు కూడా గడువులోగానే అభ్యంతరం ఇవ్వాలి. ఏళ్ల తర్వాత స్థిరపడిన సీనియారిటీని కదిలించడానికి కోర్టులు ఇష్టపడవు.

మధ్యప్రదేశ్‌లో తొలగింపునకు గురైన ఇద్దరు మహిళా జడ్జీల వ్యవహారంలో 2025 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇదే వరుసలోనిది. పనితీరు లెక్కలు వేసేటప్పుడు గర్భస్రావం వంటి బాధను, అనారోగ్యాన్ని పక్కనపెట్టిన తీరును కోర్టు తప్పుపట్టి, వారిని తిరిగి తీసుకోమంది. న్యాయం చెప్పే ఉద్యోగంలోనే ఈ కష్టం ఉందంటే మిగతా చోట్ల పరిస్థితి ఊహించవచ్చు.

ప్రసూతి దగ్గరే చాలామంది వెనకబడతారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్, 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోని రక్షణలను తనలోకి తీసుకుంది. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన స్త్రీకి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు, ఆపైన 12 వారాలు వేతనంతో సెలవు ఉంటుంది. యాభైమంది ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. నాయకత్వం మాటకు వస్తే ఇంతకన్నా ముఖ్యమైన వాక్యం అదే చట్టంలో మరోచోట ఉంది. ప్రసూతి సెలవులో ఉన్న స్త్రీని తొలగించడమే కాదు, ఆమెకు నష్టం కలిగేలా సర్వీసు షరతులను మార్చడమూ చట్టవిరుద్ధం. సెలవుకు ముందు బృందానికి నాయకురాలిగా ఉన్న స్త్రీ తిరిగి వచ్చేసరికి ఆమె బృందాన్ని మరొకరికి అప్పగించి, హోదా తగ్గించి కూర్చోబెట్టడాన్ని ఈ వాక్యం కింద ప్రశ్నించవచ్చు. ప్రసూతి ప్రయోజనాలు ఇవ్వకపోయినా, ఉద్యోగం నుంచి తొలగించినా 60 రోజుల్లో సంబంధిత అధికారికి అప్పీలు చేసుకోవాలి. ఇంటర్వ్యూలో పెళ్లి, పిల్లల ప్రస్తావన తెచ్చే అలవాటు ఇంకా పోలేదు. 1991లో జీవిత బీమా సంస్థ ప్రొబేషనర్ కేసులో, నెలసరి గురించి, గర్భాల గురించి దరఖాస్తులో అడిగిన ప్రశ్నలను సుప్రీంకోర్టు అవమానకరమని చెప్పి, తొలగించిన ఉద్యోగినిని తిరిగి తీసుకోమన్నది.

లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013, పదోన్నతికి సంబంధం లేనిదిగా కనిపిస్తుంది. చదివి చూస్తే అది సగం పదోన్నతుల చట్టమే. లొంగితే మేలు చేస్తానని, లేకపోతే ఉద్యోగంలో దెబ్బ తీస్తానని అనడం, పనిలో అడ్డుతగలడం, భయపెట్టే వాతావరణం సృష్టించడం వంటివి లైంగిక వేధింపుతో కలిసి వచ్చినప్పుడు ఈ చట్టం కిందికే వస్తాయి. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి కార్యాలయంలో అంతర్గత కమిటీ, అంతకన్నా చిన్న చోట్లకు జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. చాలామందికి తెలియని అంశం ఒకటుంది. విచారణ జరుగుతుండగా, ఆరోపణ ఎదుర్కొంటున్న అధికారి ఆమె పనితీరుమీద నివేదిక రాయకుండా ఆపి, ఆ పనిని మరో అధికారికి అప్పగించమని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఇది 2013 నాటి నియమావళిలోనే ఉంది. ఇందుకు ఆమె రాతపూర్వకంగా కోరాలి, కాబట్టి మొదటి ఫిర్యాదులోనే ఈ విన్నపం చేర్చడం మంచిది.

ప్రైవేటు సంస్థలలో దారి ఇరుకైనది. 14, 16 అధికరణలు ప్రభుత్వానికి, ప్రభుత్వ సంస్థలకు వర్తిస్తాయి. సాధారణ ప్రైవేటు కంపెనీమీద వాటి ఆధారంగా రిట్ వేయడం కుదరదు. అక్కడ అక్కరకొచ్చేది వేతనాల కోడ్, 2019. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకే రకంగా ఉన్న పనికి లింగాన్ని బట్టి జీతంలో తేడా చూపకూడదని, నియామకంలో, ఉద్యోగ షరతులలో వివక్ష చూపకూడదని అది అంటుంది. ఇందులో ఒక మేలు ఉంది, ఒక లోటూ ఉంది. పారిశ్రామిక వివాదాల చట్టాలు మేనేజర్లను ‘కార్మికులు’గా చూడవు. వేతనాల కోడ్ చెప్పే ‘ఉద్యోగి’ నిర్వచనంలో మాత్రం మేనేజర్లు, సూపర్‌వైజర్లు కూడా ఉన్నారు. కాబట్టి తనలాంటి పనే చేసే పురుషుడి కన్నా తక్కువ జీతం తీసుకుంటున్న మహిళా మేనేజరు కూడా మూడేళ్లలోపు అధికారి ముందు క్లెయిము వేసుకోవచ్చు. జీతం పెంచే స్తోమత లేదన్న సాకు చెల్లదని 1987లో మెకినాన్ మెకంజీ స్టెనోగ్రాఫర్ల కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇక లోటు. 1976 నాటి సమాన వేతన చట్టానికి 1987లో చేసిన సవరణ, పదోన్నతి, శిక్షణ, బదిలీ అనే మూడు మాటలను పేరుపెట్టి నిషేధించింది. కొత్త కోడ్‌లో ఆ మాటలు లేవు, ‘ఉద్యోగ షరతులు’ అన్న విశాలమైన పదంలోనే వాటిని చదువుకోవాలి. అంత స్పష్టమైన రక్షణను అస్పష్టంగా వదిలేయడం తప్పు. పార్లమెంటు ఆ మాటలను తిరిగి చేర్చాలి.

రాత్రి పని కూడా ఇలాంటి అడ్డే. రాత్రి షిఫ్టు ఇవ్వకపోవడంవల్ల స్త్రీకి షిఫ్టు ఇన్‌చార్జి పదవి అందేది కాదు. ఫ్యాక్టరీల చట్టంలోని రాత్రి పని నిషేధాన్ని మద్రాసు హైకోర్టు, తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేశాయి. ఇప్పుడు కొత్త వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ప్రకారం ఆమె అంగీకారం, రక్షణ ఏర్పాట్లు ఉంటే రాత్రి పని చేయవచ్చు. అంగీకారం అడగకుండా ‘ఆడవాళ్లకు రాత్రి వద్దు’ అనడం ఇక చెల్లే కారణం కాదు. కంపెనీ బోర్డుల సంగతి క్లుప్తంగా: 2013 కంపెనీల చట్టం ప్రకారం స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన ప్రతి కంపెనీకీ, 100 కోట్ల చెల్లింపు మూలధనం లేదా 300 కోట్ల టర్నోవరు ఉన్న పబ్లిక్ కంపెనీకీ కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలి. సెబీ నియమాల ప్రకారం విలువలో మొదటి వెయ్యి నమోదిత కంపెనీలలో స్వతంత్ర డైరెక్టరుగా కనీసం ఒక స్త్రీ ఉండాలి.

ఎక్కడికి వెళ్లాలన్నది ఉద్యోగాన్ని బట్టి మారుతుంది. తెలుగు రాష్ట్రాలలో పనిచేసే కేంద్ర ఉద్యోగి కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచికి వెళ్లాలి. తుది ఉత్తర్వు నుంచి ఏడాది గడువు. విన్నపానికి ఆరు నెలల్లో జవాబు రాకపోతే, ఆ ఆరు నెలల తర్వాత ఏడాది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ లేదు కాబట్టి రాష్ట్ర ఉద్యోగులు నేరుగా హైకోర్టుకు వెళతారు. ప్రైవేటు ఉద్యోగిని కార్మిక శాఖ అధికారి దగ్గర మొదలుపెట్టాలి. ఎక్కడికి వెళ్లినా అడిగేది కాగితమే: నియామక ఉత్తర్వు, జీతం చీటీలు, గ్రేడు తెలియజేసిన లేఖలు, సెలవు మంజూరు, బదిలీ ఉత్తర్వులు, తనతోపాటు చేరిన పురుష సహోద్యోగుల పదోన్నతి తేదీలు. మేనేజరు నోటితో అన్న మాటను ఆ రోజే ఒక మెయిలుగా రాసి పంపితే అదీ సాక్ష్యమవుతుంది. న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోలేని స్త్రీకే ఉచిత న్యాయ సహాయం అనుకోవడం పొరపాటు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987, 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఆ హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో గానీ, 15100 నంబరుకు ఫోను చేసి గానీ దానిని పొందవచ్చు.