పాఠం 12 : పీలికల విలువ – మిశ్రమ మాధ్యమ చిత్రకళ

12.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మిశ్రమ మాధ్యమం అంటే ఏమిటో చెప్పగలుగుతారు;
• అంతఃస్ఫూర్తికీ సాధనకూ గల సంబంధాన్ని వివరించగలుగుతారు;
• మీకు దొరికే వస్తువులతో ఒక చిత్రం తయారు చేయగలుగుతారు.

12.1 ప్రవేశిక

గుజరాత్‌లోని సూరత్ నగరం సిల్కు, పాలిస్టర్ చీరలకూ జరీకీ ప్రసిద్ధి. అక్కడి మరమగ్గాల మీద పనిచేసేవారిలో తెలంగాణ జిల్లాల నుండి వెళ్ళిన కుటుంబాలు చాలా ఉన్నాయి. లింబాయత్ వంటి ప్రాంతాలలో తెలుగు వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది.

గుడ్డ కత్తిరించగా మిగిలిన పీలికకు ధర చాలా తక్కువ. చిత్రకారుడు దానినే అట్టమీద అంటిస్తే బొమ్మలో ఆకాశమో, చీరకొంగో అవుతుంది. “నాకు చదువు లేదు, చేతిపని చేసి బతికేవాణ్ణి” అంటూ తమను తాము తక్కువ చేసుకునేవారిని మీరు చూసే ఉంటారు. తన విలువను తాను గుర్తించడమనే ఈ విషయాన్ని చిత్రకళ ద్వారా పరిశీలిద్దాం.

12.2 మిశ్రమ మాధ్యమం

చిత్రకారుడు వాడే రంగు, సిరా, బొగ్గు, మట్టి వంటి ప్రతి పదార్థమూ ఒక మాధ్యమమే. ఒకే చిత్రంలో రెండు లేక అంతకంటే ఎక్కువ పదార్థాలు వాడితే అది మిశ్రమ మాధ్యమ చిత్రం. 1912లో పాబ్లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను తన చిత్రంలో అంటించి, చుట్టూ తాడు బిగించాడు. ఇంట్లో వాడే వస్తువులకు చిత్రకళలో చోటు దొరికింది.

12.3 అంతఃస్ఫూర్తి

ముందుగా నమూనా గీసుకోకుండా, చేతికి తోచినట్లు మొదలుపెట్టి, కనిపించిన ఆకారాన్ని అనుసరిస్తూ పోవడం అంతఃస్ఫూర్తితో చిత్రించడం. రవీంద్రనాథ్ ఠాగూర్ తన రాతప్రతులలో కొట్టివేసిన మాటలను గీతలతో కలిపేవారు. అలా పక్షులు, వింత జంతువులు రూపు దిద్దుకునేవి. చిత్రకళలో ప్రత్యేక శిక్షణ లేని ఆయన అరవై ఏళ్ళు దాటాక విరివిగా చిత్రాలు వేశారు. 1930లో పారిస్‌లో వాటిని ప్రదర్శించారు. వద్దని కొట్టివేసిన చోటే ఆయనకు కొత్త రూపం దొరికిందని గమనించండి.

12.4 బరోడాలో ఒక తెలుగు విద్యార్థి

సూరత్ నుండి రైలులో ఉత్తరంగా సుమారు 130 కిలోమీటర్లు వెళితే బరోడా వస్తుంది. దీనినే ఇప్పుడు వడోదర అంటారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్, హైదరాబాదులో చిత్రకళ చదివి, 1963లో బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఆయన గురువు కె.జి. సుబ్రమణ్యన్. శాంతినికేతన్‌లో చదివిన సుబ్రమణ్యన్, అఖిల భారత చేనేత బోర్డులో కూడా పనిచేశారు. మట్టి పలకలు, గాజు, బొమ్మలు, ఏది పట్టినా కళే అన్నది ఆయన పద్ధతి. చేతివృత్తిని కళకంటే తక్కువగా ఆయన చూడలేదు.

చదువు ముగించి తిరిగి వచ్చిన లక్ష్మా గౌడ్ తన పల్లెను కొత్త చూపుతో చూశారు. అక్కడి మనుషులు, మేకలు, చెట్లే ఆయన చిత్రాలకు వస్తువులయ్యాయి. లోహపు రేకుపై గీసి అచ్చుతీయడం, నీటి రంగులు, గాజుపై చిత్రాలు, కాల్చిన మట్టి, కంచు – ఇలా అనేక మాధ్యమాలలో పనిచేశారు. 2016లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. ఆయన గీత తేలికగా సాగినట్లు కనిపించినా, దాని వెనుక ఏళ్ళ సాధన ఉంది. మగ్గంపై తెగిన పోగును చూడగానే ముడివేసే కార్మికుడి చేయి కూడా అలాగే నేర్చుకుంది. మీ చేతికి వచ్చిన పని మీ చదువులో భాగమే.

12.5 కృత్యం

1. ఒక గట్టి అట్ట, గుడ్డ పీలికలు, పాత కాగితాలు, మీ పనిలో రోజూ ముట్టుకునే ఒక చిన్న వస్తువు (దారం, గుండీ, బీడీ ఆకు) సిద్ధం చేసుకోండి.
2. పెన్సిలు వాడవద్దు. మీకు నచ్చిన పీలికను ముందు అంటించండి. నూలు గుడ్డకు, కాగితానికి మైదా జిగురు చాలు. పాలిస్టర్ గుడ్డకు అది సరిగా పట్టదు, ఫెవికాల్ వాడండి.
3. ఆరిన తరువాత అట్టను నాలుగు వైపులకూ తిప్పి చూడండి. ఏదైనా ఆకారం తోస్తే రంగుతో, దారంతో దానిని స్పష్టం చేయండి.
4. నచ్చని భాగాన్ని చింపవద్దు. దానిపై మరొక పొర వేయండి.
5. వెనుక ఒక వాక్యం రాయండి: “నాకు బాగా వచ్చిన పని...”

12.6 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మిశ్రమ మాధ్యమం అంటే ఏమిటి?
2. లక్ష్మా గౌడ్ చిత్రాలకు వస్తువులు ఏవి?
3. అంతఃస్ఫూర్తికి సాధన అవసరమా? మీ పని నుండి ఒక ఉదాహరణతో రాయండి.

జవాబులు: 1, 2 ప్రశ్నలకు 12.2, 12.4 భాగాలు చూడండి. 3వ ప్రశ్నకు జవాబు మీ అనుభవం నుండే రావాలి. రాసినదాన్ని మీ అధ్యయన కేంద్రంలో తోటి అభ్యాసకులకు చదివి వినిపించండి.