ఊగే బండి - ఆపే నూనె

పిల్లలూ! తిరుపతిలో అలిపిరి దగ్గర మా వీధిలో ఒక డ్రైవరు ఉన్నాడు. మదనపల్లె నుండి పికప్ బండిలో టమాటాలు తెస్తాడు. ఒకనాడు నాతో, "సార్, కమాను కట్టలు కొత్తవి వేయించినా. బ్రేకులు చూపించినా. అయినా భాకరాపేట ఘాట్‌లో గతుకుల మలుపున బ్రేకు వేస్తే బండి పక్కకు జారతా ఉంది" అన్నాడు. కమానూ, బ్రేకూ బాగానే ఉన్నాయి. మరి లోపం ఎక్కడ?

ముందు ఒక ప్రయోగం చేయండి. స్ప్రింగు త్రాసుకు ఒక రాయి కట్టి, కొంచెం కిందికి లాగి వదలండి. చాలాసేపు ఊగుతుంది. ఇప్పుడు ఆ రాయిని బకెట్టు నీటిలో మునిగేలా ఉంచి మళ్లీ లాగి వదలండి. ఊపు త్వరగా ఆగిపోతుంది. నీటిని నెట్టడంలో రాయి శక్తి ఖర్చయిపోయింది గదా! ఇలా తగ్గిపోయే ఊపులను అవరుద్ధ డోలనాలు అంటారు.

బండిలో కమాను కట్టే స్ప్రింగు. చక్రం గతుకులో పడినపుడు అది వంగి శక్తిని దాచుకొంటుంది, వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. ఆ శక్తిని మింగేది షాక్ అబ్జార్బరు. దాని గొట్టంలో నూనె, సన్నని రంధ్రాలున్న ముషలకం ఉంటాయి. నూనె ఆ రంధ్రాల గుండా దూరుతూ వేడెక్కుతుంది.

లెక్క చూద్దాం. స్ప్రింగు స్థిరాంకం మీటరుకు 30,000 న్యూటన్లు అనీ, అది 10 సెం.మీ. అదనంగా నొక్కుకుందనీ అనుకొందాం. శక్తి = ½ × 30,000 × 0.1 × 0.1 = 150 జౌళ్లు. ఇది 300 గ్రాముల నూనెను సుమారు పావు డిగ్రీ వేడి చేస్తుంది. గతుకుల దారిలో ఇలా ఎన్నిసార్లో!

మేము బండి వెనుక మూలను బలంగా నొక్కి వదిలాము. ఒకసారి లేచి నిలవవలసినది నాలుగుసార్లు ఊగింది. గొట్టం మీద నూనె కారి దుమ్ము పట్టింది. దోషి దొరికాడు!

ఆదివారం ఇంటి ముందు చదును నేలపై పని మొదలుపెట్టాము. మొదట ముందు చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డుపెట్టాము. ఆ బండి హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలనే పట్టుతుంది. వాటిని పైకెత్తాక బండిని ఆపేవి దిమ్మెలే. జాకీతో ఎత్తి, ఇరుసు కింద గట్టి స్టాండ్లు పెట్టాము. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందికి దూరితే ప్రాణాలకే ముప్పు. ఇది పెద్దల పని. మీరు దూరంగా నిలబడి చూడండి.

తుప్పు పట్టిన నట్లకు నూనె వేసి, కాసేపాగి విప్పాము. రెండు పక్కలా సమానంగా పనిచేయాలి కనుక రెండింటినీ మార్చాము. చక్రాలు నేల మీద ఆనిన తర్వాతే బోల్టులు పూర్తిగా బిగించాము. ముందే బిగిస్తే, బరువు పడగానే రబ్బరు బుష్‌లు మెలితిరిగి త్వరగా పాడవుతాయి.

విప్పిన పాతదానిని లాగితే సైకిలు పంపులా సులువుగా వచ్చేసింది. కొత్తది మెల్లగా లాగితే వస్తుంది, వేగంగా లాగితే ఎదురు తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ నిరోధం పెరగడమే దీని కీలకం.

మరి బండి ఎందుకు జారింది? చక్రం నేలను ఎంత బలంగా నొక్కితే అంత ఘర్షణ. ఎగిరిన చక్రానికి ఘర్షణ లేదు. ఘర్షణ లేనిదే ఎంత మంచి బ్రేకైనా, స్టీరింగైనా వ్యర్థం.

అలిపిరి నుండి తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. నేడు బండ్లు ఆ దారిలోనే కొండ దిగుతాయి. ఆ మలుపుల్లో ప్రయాణికులను కాపాడేది బ్రేకులు మాత్రమే కాదు, గొట్టంలోని ఆ కాస్త నూనె కూడా.

ఆలోచించండి: గొట్టంలో నూనెకు బదులు నీరు పోస్తే ఏమవుతుంది?