మడ అడవిలో నడక

గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర పుట్టింది. 1465 కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది. ఒక పాయ పేరు గౌతమి. గౌతమి యానాం మీదుగా వెళ్ళి సముద్రంలో కలుస్తుంది.

నది నీళ్ళు తియ్యన. సముద్రం నీళ్ళు ఉప్పన. రెండూ కలిసే చోట అంతా బురద. ఆ ఉప్పు బురదలో మామూలు చెట్టు బతకదు. మడ చెట్టు బతుకుతుంది.

కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో కోరంగి ఉంది. అక్కడి మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యం అంటే చెట్టు కొట్టకూడదు. జంతువును చంపకూడదు. జనం తిరిగి చూడటానికి బురద మీద చెక్క బాట వేశారు. టికెట్టు కొనుక్కుని ఎవరైనా నడవొచ్చు.

ఒక అత్తా, కోడలూ ఆ బాట మీద నడుస్తున్నారు అనుకుందాం.

"ఏంటత్తా, నేలంతా మేకులు పాతినట్టుంది?"

"మేకులు కాదమ్మా, మడ చెట్టు వేర్లు. బురదలో గాలి ఆడదు కదా! అందుకే పైకి లేచి ఊపిరి పీల్చుకుంటాయి."

"ఆ చెట్టుకి మునక్కాయల్లా వేలాడుతున్నాయే?"

"అది ఉప్పు పొన్న. దాని గింజ చెట్టు మీదే మొలకెత్తుద్ది. మొలక పెద్దదయ్యాక బురదలోకి దిగుద్ది. తల్లి చంకనెత్తుకుని పెంచి, నడకొచ్చాక దింపినట్టే! అదిగో, ఆ తిల్ల చెట్టు జోలికి మాత్రం పోకు. దాని పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయి."

"నీకివన్నీ ఎలా తెలుసత్తా?"

"చిన్నప్పుడు ఈ మడ కొట్టే కదా వంటచెరుకు తెచ్చేవాళ్ళం!"

"మరి కొట్టొద్దంటే పొయ్యి ఎలా వెలిగిందత్తా?"

"సరుగుడు పుల్లలూ, కొబ్బరి మట్టలూ ఏరుకునేవాళ్ళం. కష్టమే అయ్యింది. కానీ రొయ్య పిల్ల, పీత పిల్ల, చేప పిల్ల ఈ వేర్ల మధ్యే దాక్కుని పెరుగుతాయి. మడ పోతే చేప పోద్ది. చేపల బుట్ట ఖాళీ అయితే పొయ్యి ఉండి మాత్రం ఏం లాభం?"

అత్త మాట నిజం. మడ వల్ల ఇంకో మేలు కూడా ఉంది. 1839 నవంబరులో పెద్ద తుఫాను వచ్చింది. ఉప్పెన కోరంగి రేవును ముంచేసింది. 1996 నవంబరులో మళ్ళీ తుఫాను ఈ తీరాన్ని దెబ్బ తీసింది. మడ అడవి తుఫానును ఆపలేదు. కానీ అలల ఊపు తగ్గిస్తుంది. గట్టు కోసుకుపోకుండా మట్టిని పట్టి ఉంచుతుంది.

నడిచేటప్పుడు ఏం చూడాలి?

ఉదయం చల్లటి వేళ వెళ్ళండి. గట్టిగా మాట్లాడొద్దు. నీళ్ళు పాటుకు తగ్గినప్పుడు బురద బయటపడుతుంది. పీతలు, బురదలో గెంతే చేపలు కనిపిస్తాయి. కొంగలు, లకుముకి పిట్టలు వేటకు దిగుతాయి. బావురు పిల్లి ఇక్కడే ఉంటుంది. ఇది నీళ్ళలోకి దిగి చేపలు పడుతుంది. ఎక్కువగా రాత్రి పూట తిరుగుతుంది. నీటికుక్కలు కూడా ఉన్నాయి.

ఫోటో ఎలా తీయాలి?

ఇప్పుడు చాలా ఇళ్ళలో కెమెరా ఉన్న ఫోను ఉంది. ముందు ఫోను అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడవండి. ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి. రెండు చేతులతో పట్టుకోండి. మోచేతులు పక్కలకు ఆనించండి. అప్పుడు ఫోను కదలదు. పిట్ట గూటి దగ్గరికి పోవద్దు. మనిషిని చూస్తే తల్లి పిట్ట గూడు వదిలి ఎగిరిపోతుంది. అడుగుజాడ కనిపిస్తే పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి తీయండి. జాడ ఎంత పెద్దదో తెలుస్తుంది. తర్వాత బిళ్ళ తీసేయండి.

ఫోటో ముచ్చటకే కాదు, సాక్ష్యానికి కూడా. ప్రతి ఏడూ అదే నెలలో, అదే చోట నిలబడి ఒక ఫోటో తీయండి. తేదీ, చోటు మీ పుస్తకంలో రాయండి. "అప్పుడు అడవి ఇంకా ఉండేది" అని నోటితో చెబితే కాదనేవాళ్ళు ఉంటారు. తేదీలతో రెండు ఫోటోలు గ్రామసభలో పక్కపక్కన పెడితే కాదనడం కష్టం. రాయడం వచ్చిన చేతికి ఇది మంచి పని.

చెప్పండి:
1. మడ చెట్టు వేర్లు పైకి ఎందుకు లేస్తాయి?
2. మడ పోతే చేపలు అమ్మే ఆడవాళ్ళకు ఏం నష్టం?

చేయండి:
మీ ఊరి ఏరు, కాలువ లేదా చెరువు గట్టు మీద నడవండి. చూసిన చెట్లు, పిట్టల పేర్లు ఐదు రాయండి. పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి.